ఫుజైరా ఎద్దూ, రెండు ఖర్జూరాలూ

దుబాయ్ వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే: ఆ ఆకాశమంత బురుజు ఎక్కావా అని. ఎక్కలేదు. కింద నిలబడి చూశాను, మెడ పట్టేసింది, వచ్చేశాను. బంగారం ఏం తెచ్చావన్నది తర్వాతి ప్రశ్న. అదీ తేలేదు. మరి నెల రోజులు అక్కడ ఏం చేశావమ్మా అంటే, ఎద్దుల పోట్లాట చూశానని చెప్పాను. ఇంట్లోంచి బయటికొస్తే కనపడే ఎద్దుల్ని సముద్రం దాటిపోయి చూసొచ్చిందట అని నవ్వారు. ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. మాది ఒంగోలు పక్క పల్లె. మా నాన్న బండలాగుడు పోటీలకు ఎడ్లను తయారు చేసేవాడు. వాటికి ఉలవలు ఉడకబెట్టి, ఒళ్లు రుద్ది, ఆ తర్వాతే నేను బడికి పోవాలి. పెద్దయ్యాక పశువుల ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎద్దు నాలుగడుగులు వేస్తే చాలు, ఏ కాలిలో ముల్లుందో చెప్పగలను. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి. ఆ గొప్పే నన్ను ఎక్కడ పడేసిందో కూడా దాచకుండా చెప్తాను.

నైఫ్

మా అక్క కూతురు వసంత షార్జాలో ఉంటుంది. దాని మొగుడికి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పని. నేను దిగిన రెండో రోజే వసంత నన్ను దుబాయ్‌లోని నైఫ్ బజారుకు తీసుకుపోయింది. ఇరుకు సందులు, అత్తరు వాసన, వరసగా సూట్‌కేసుల దుకాణాలు. కాగితం గ్లాసులో కరక్ చాయ్ ఒక దిర్హాం. చిక్కగా, యాలకుల వాసనతో బాగానే ఉంది గానీ, మన రూపాయల్లోకి మార్చి చూసుకోగానే చేదెక్కింది. మూడు రోజులపాటు ప్రతిదాన్నీ అలాగే ఇరవై మూడుతో హెచ్చవేసి చూసుకున్నాను. నాలుగో రోజు మానేశాను. అలా హెచ్చవేస్తుంటే అక్కడ గుటక దిగదు.

ఒక సూట్‌కేసుల దుకాణంలో నెల్లూరాయన ఊరికి పోయే మనిషి అట్టపెట్టెకు నైలాన్ తాడు కడుతున్నాడు. ఆ ముడి చూసి నేను ఊరుకోలేకపోయాను.

"ఆ ముడి విమానం ఎక్కేలోపే జారిపోద్దయ్యా" అన్నాను.

"ఇరవై ఏళ్ల నుంచి ఇదే ముడి కడతా ఉండానమ్మా" అని ఆయన నవ్వాడు.

తాడు లాక్కుని, పొగరు గిత్తను గుంజకు కట్టే ముడి వేసి చూపించాను. ఆయన రెండు చేతులతో గుంజి చూశాడు. కాలు పెట్టి గుంజాడు. కదల్లేదు. "ఎవురమ్మా నువ్వు?" అని అడిగాడు. ఎద్దులోళ్ల బిడ్డనని చెప్పాను. చాయ్ ఆయనే తెప్పించాడు. ఆ చాయ్ మాత్రం భలే తియ్యగా ఉంది.

షార్జా, గ్యారేజీ దగ్గర

వసంతకు నన్ను మాల్‌లూ ఫౌంటెన్లూ తిప్పాలని ఆశ. నాకేమో అల్లుడికి అన్నం క్యారియర్ ఇచ్చే వంకతో గ్యారేజీకి పోవడం ఇష్టం. అక్కడ అన్ని రకాల మనుషులూ కనబడతారు. అక్కడే ఖాదర్‌ను చూశాను. రాయచోటి మనిషి, నలభై ఏళ్లుంటాయి. పికప్ బండిలో పశువుల గడ్డి వేసుకుని వారం వారం ఫుజైరాకు పోయి వస్తాడు. గడ్డి కట్టలో ఒక పరక లాగి నోట్లో పెట్టుకుని, ఇది కోసి నాలుగు రోజులైందన్నాను. ఖాదర్ నన్ను తలెత్తి చూశాడు.

"అమ్మా, మీకు పశువులంటే అంత తెలుసునా? అట్లయితే మీరు ఫుజైరా సూడల్ల. శుక్రారం శుక్రారం ఆడ ఎద్దులు కొట్లాడతాయి."

"మనిషి ఎద్దును పొడవడం లాంటిదైతే నేను రాను" అన్నాను.

"అదేం లేదమ్మా. ఎద్దుకూ ఎద్దుకే. తలకాయ తలకాయ ఆనించి తోసుకుంటాయి. యెనక్కి మర్లుకున్నది ఓడిపాయె. ఖలాస్."

టీవీలో చూసింది గుర్తొచ్చి, అమెరికా కౌబాయ్‌లు ఎద్దు మీదెక్కి కింద పడతారే, అట్టాంటి వాళ్లుంటారా అని అడిగాను. ఖాదర్ నవ్వాడు.

"ఉండారు లేమ్మా. టోపీ లేదు, గుర్రం లేదు. లుంగీ ఒకటే. అంతా మనోళ్లే."

ఆ మాటతో నా ప్రయాణం ఖాయమైంది. వసంత నెత్తి కొట్టుకుంది. "పిన్నీ, ఇంత దూరం వచ్చి గడ్డి బండెక్కి ఎద్దుల దగ్గరికి పోతావా?" అంది. పోతానన్నాను.

మసాఫీ

శుక్రవారం పొద్దున ఏడింటికి బయలుదేరాం. ఎర్రటి ఇసుక కాసేపు, ఆ తర్వాత పచ్చగడ్డి పరక లేని రాళ్ల కొండలు. ఇంత రాయి మా నాన్న చూసుంటే ఎన్ని పోటీ బండలు చెక్కించేవాడో అనుకున్నాను. కొండల మధ్య మసాఫీ దగ్గర రోడ్డు పక్కన సంత ఉంది. తివాచీలు, కుండలు, తేనె సీసాలు, మొక్కలు, పళ్లు. మలయాళీ దుకాణదారుడు ఒక డబ్బా ఖర్జూరాలు ముప్పై దిర్హాంలన్నాడు. నాకొచ్చిన హిందీ అంతా ఖర్చు పెట్టి, రెండుసార్లు వెళ్లిపోతున్నట్టు నటించి, ఇరవైకి తెచ్చుకున్నాను. గర్వంగా బండెక్కి ఖాదర్‌కు చూపించాను.

"బాగుండాయమ్మా" అన్నాడు. కొంత దూరం పోయాక నెమ్మదిగా చెప్పాడు: "నేనైతే పదైదుకు తెచ్చుంటా."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. మిగతా దారంతా ఆ ఖర్జూరాల రుచి గురించే మాట్లాడాను, ధర ఎత్తలేదు.

ఫుజైరా, మజ్రాలో

మజ్రా అంటే అక్కడ తోట. ఖాదర్ గడ్డి దించే మజ్రా ఊరి చివర, సముద్రానికి దగ్గరలో ఉంది. ఖర్జూరపు చెట్ల కింద రేకుల షెడ్డు, అందులో మేకలు, నాలుగు ఒంటెలు, పక్కన ఒక ఎద్దు. దాన్ని చూడగానే నా కాళ్లు నన్ను అడక్కుండానే అటు నడిచాయి. లేత గోధుమ రంగు, ఎత్తైన మూపురం, దగ్గరగా పెరిగిన పొట్టి కొమ్ములు, వేలాడే గంగడోలు. మా వైపు రక్తం ఎక్కడో కొంత కలిసే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. పేరు బర్క్. మెరుపు అని అర్థమట.

దాన్ని సాకే మనిషి పేరు పోశెట్టి. జగిత్యాల దిక్కు వాడు, నలభై ఐదేళ్లుంటాయి. నేను తెలుగు మాట్లాడేసరికి చేతిలో బకెట్ కింద పెట్టి దండం పెట్టాడు. ఎద్దుకు ఏం పెడతావని అడిగాను. పాలు, నెయ్యి, తేనె, ఖర్జూరాలు, ఎండు చేపలు అన్నాడు. ఎండు చేపలా అని నోరు తెరిచాను. బుట్టలో చూపించాడు. శాకాహారి అని మనం దండం పెట్టే ఎద్దు అక్కడ ఎండు కవ్వ చేపల్ని కరకరా నముల్తోంది. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

"పన్నెండేండ్లాయె అక్కా నేనొచ్చి" అన్నాడు పోశెట్టి. "మొదలు షార్జా దిక్కు సజ్జాల, కూలోళ్ల క్యాంపుల ఉంటి, సెంట్రింగ్ పని. నడుము పోయినంక గీ మజ్రాకు వచ్చిన. గిది అప్పుడు దూడ. తల్లి సచ్చిపోతే సీసతోని పాలు తాపి నేనే సాకిన."

అంటూనే ముఖం దించుకున్నాడు. ఏమైందని అడిగితే చెప్పాడు.

"రెండు శుక్రారాల సంది మర్రుతుంది అక్కా. బలం లేక కాదు. మంచిగ కుమ్ముతనే ఉంటది, ఒక్కపారే మెడ తిప్పి నా దిక్కు ఒస్తది. నాకైతే సమజ్ కాదు. ఇయ్యాల గిట్ల మర్రితే రేపు పొద్దుగాల కసాయి బండిని పిలుస్తనని కఫీల్ అన్నడు."

కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. నేను చీర చెంగు బిగించాను. కాళ్లెత్తి చూశాను, గిట్టల మధ్య శుభ్రంగా ఉంది. కళ్లు, కొమ్ముల మొదళ్లు, పళ్లు, అన్నీ చూశాను. వంక పెట్టడానికి లేదు. అప్పుడు పోశెట్టి ఫోన్ తీశాడు. పోయిన శుక్రవారం పోటీని అతని పక్కన నిలబడ్డ పఠాన్ వీడియో తీశాడట. దుమ్ములో రెండు తలలు ఆనించుకుని ఎద్దులు నెట్టుకుంటున్నాయి. బర్క్‌దే పైచేయి. ఉన్నట్టుండి మెడ తిప్పింది, పక్కకు వచ్చేసింది. మళ్లీ పెట్టమన్నాను. కళ్లు మూసుకుని విన్నాను. జనం కేకల కింద, ఫోనుకు దగ్గరగా, తగ్గు గొంతుతో ఒక కూత: "ఓ... దా బిడ్డా..." ఆ వెంటనే ఎద్దు మర్లింది.

అంతకు ముందు వారం వీడియో కూడా చూశాను. అదే కూత, అదే మర్లడం.

"పోశెట్టీ, ఈ గొంతు ఎవరిది?"

అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నాదే అక్కా. గట్లన్నట్టు నాకే ఎర్కలే."

సేద్యం చేసిన వాళ్లకు ఈ కూత సంగతి చెప్పనక్కర్లేదు. చాలు చివర నాగలి ఆపాలన్నా, దిగువలో బండి ఆపాలన్నా, గొంతు తగ్గించి "ఓ..." అంటాం. ఎద్దు ఎంత ఊపులో ఉన్నా అక్కడితో ఆగాలి. పోశెట్టి చేతిలో నాగలి పోయి పన్నెండేళ్లయినా నోట్లో కూత పోలేదు. రోజూ సాయంత్రం సముద్రం ఒడ్డున ఎద్దును వదిలి, మళ్లీ ఆ కూతతోనే పిలుచుకునేవాడు. పోటీలో దాని తల అదిరితే ఇతని గుండె అదిరేది, నోట్లోంచి కూత వచ్చేసేది. సీసాతో పాలు పట్టిన వాడు పిలిస్తే పోట్లాట ఎవరికి కావాలి? ఎద్దు పిరికిదై మర్లలేదు, మాట విని మర్లింది.

నమ్మకం కుదరాలని నేనే పరీక్ష చేశాను. యాభై అడుగుల దూరం పోయి నిలబడి, మా నాన్న గొంతు తెచ్చుకుని "ఓ... దా బిడ్డా" అన్నాను. ఎద్దు మేత వదిలి నేరుగా నా దగ్గరికి నడిచొచ్చింది. మసాఫీ ఖర్జూరాలు నాలుగు నా చేతిలోంచి తిన్నది. చూశావా అన్నట్టు ఖాదర్ వైపు చూశాను. ఆ రోజు నా అంత తెలివైన మనిషి ఎమిరేట్స్‌లో ఇంకొకరు లేరని నా ఉద్దేశం.

"ఈ మాట మీ కఫీల్‌కు చెప్పేద్దాం" అన్నాను.

పోశెట్టి చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "అద్దక్కా, మీకు పుణ్యముంటది. నా నోరే దాన్ని ఓడగొట్టిందంటే నన్ను ఎల్లగొడ్తడు. నేను పోయినంక దీన్నెవడు సూస్తడు?"

పాపం అతనికి ముందు నుయ్యి వెనక గొయ్యి. సరే, చెప్పను గానీ నేను చెప్పినట్టు చెయ్యమన్నాను. డబ్బాలోంచి రెండు ఖర్జూరాలు తీసి అతని చేతిలో పెట్టాను. "పోటీ మొదలవగానే చెంపకొకటి పెట్టుకో. నమలొద్దు, మింగొద్దు, ఊయొద్దు. నోరు నిండుగా ఉంటే కూత రాదు. మా నాన్న పోటీ రోజు దొడ్లో ఎవరైనా ఆ కూత కూస్తే కర్ర తీసుకునేవాడు."

మధ్యాహ్నం నమాజు తర్వాత కఫీల్ వచ్చాడు. తెల్లటి గడ్డం, చేతిలో సన్నటి బెత్తం. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఓడలో బొంబాయి తిరిగాడట, హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. "ఎద్దు చాలా అందంగా ఉంది, ఎంత బలమో!" అని మెచ్చుకున్నాను. ఆయన ముఖం ముడుచుకుంది. ఖాదర్ చప్పున "మాషా అల్లా, మాషా అల్లా" అని నా మాట వెనకాల అతికించి, నా చెవిలో "అది అనకుండా పొగిడితే దిష్టి తగల్తాదమ్మా" అన్నాడు. మనకు నల్లతాడు, వాళ్లకు ఆ మాట. పోశెట్టి మాత్రం రెండూ వదల్లేదు. ఎద్దు వెనక కాలికి వెంట్రుకల్లో కలిసిపోయేలా నల్లతాడు కట్టి ఉండటం నేను ముందే చూశాను.

శుక్రవారం సాయంత్రం, అసర్ నమాజు తర్వాత

పోటీ జరిగే చోటు సముద్రానికి దగ్గరలో పెద్ద మట్టి మైదానం. చుట్టూ తీగ కంచె. కంచె ఆనుకుని కార్లు, జీపులు ముక్కులు లోపలికి పెట్టి వరసగా నిలబడ్డాయి. అరబ్బు ఆడవాళ్లు అద్దాలు దించి కార్లలోంచే చూస్తున్నారు. టిక్కెట్టు లేదు. మన దగ్గర బండలాగుడుకు కొబ్బరికాయ కొట్టి, డప్పు మోగితే గానీ పోటీ మొదలవదు. అక్కడ డప్పు లేదు, మైకులో ఒకాయన అరబ్బీలో ఎద్దుల పేర్లు చదువుతుంటాడు. మన దగ్గరిలాగే ఆ మైకు కూడా మధ్యమధ్యలో కీచుమంటుంది.

నేను ఖాదర్ పికప్ వెనక ఎక్కి నిలబడ్డాను. ఖాదర్ చెప్పిన కౌబాయ్‌లను అప్పుడు చూశాను. బంగ్లా వాళ్లు, పఠాన్లు, మన వాళ్లు, ఒక్కో ఎద్దుకు పది మంది. లుంగీలు ఎగగట్టి, తలకు గుడ్డలు చుట్టి, ఎద్దులకు కట్టిన పొడవాటి తాళ్లు పట్టుకుని మైదానం అంచున ఉంటారు. పోరు ముదిరి ఏ ఎద్దు కంటికో ప్రమాదం అనిపిస్తే పెద్దలు చెయ్యెత్తుతారు, వీళ్లు తాళ్లు గుంజి రెంటినీ విడదీస్తారు. ఒకసారి రెండు ఎర్ర ఎద్దులు మా కంచె మీదికే వచ్చాయి. ఇరవై మంది తాళ్లకు వేలాడుతూ మట్టిలో కాళ్లు ఈడ్చుకుంటూ వాటి వెనక వచ్చారు. ఒకడి చెప్పు ఎగిరి పక్క కారు మీద పడింది. ఆ కారాయన నవ్వుతూ చెప్పు విసిరి ఇచ్చాడు. కింద పడ్డవాడు లేచి, లుంగీ దులుపుకుని, మళ్లీ తాడు అందుకున్నాడు. గుర్రం మీదున్న వాడి ధైర్యం నాకు తెలియదు గానీ, ఈ ధైర్యానికి మాత్రం దండం పెట్టాలనిపించింది.

ఆ తర్వాత బర్క్ పేరు చదివారు. ఎదురుగా వచ్చింది నల్ల ఎద్దు, దీనికంటే చెయ్యెడు ఎత్తు. పోశెట్టి తాడు కొస పట్టుకుని నా ముందే, కంచెకు అవతల నిలబడ్డాడు. వెనక్కి తిరిగి నన్నొకసారి చూశాడు. రెండు చెంపలూ ఉబ్బి ఉన్నాయి. నవ్వొచ్చినా ఆపుకున్నాను.

తలలు తగిలిన చప్పుడు మా బండి దాకా వచ్చింది. మొదట నల్లది నెట్టింది. బర్క్ నాలుగడుగులు వెనక్కి జారి నిలదొక్కుకుంది. పోశెట్టి వీపు బిగుసుకుంది, నోరు పెగల్లేదు. బర్క్ మెడ దించి కింది నుంచి ఎత్తింది. నల్లది ఒకడుగు వెనక్కి, రెండడుగులు, మూడు. కార్ల హారన్లు మోగాయి. "చూశారా, నేను చెప్పలే?" అని పక్కనున్న ముక్కూ ముఖం తెలియని వాళ్లకు తెలుగులోనే చెప్తున్నాను. కఫీల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అప్పుడు బర్క్ ముందు కాలు జారింది. మోకాలు నేలకు తగిలింది. నల్లదాని కొమ్ము దాని కంటి పక్కకు వచ్చింది. ఆసుపత్రిలో కన్ను పోయిన ఎడ్లను ఎన్నింటిని చూశానో నాకు తెలుసు. పోశెట్టి తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు, నోరు మాత్రం మూసుకునే ఉన్నాడు. అయినా కూత వినపడింది.

"ఓ... దా బిడ్డా!"

ఆ గొంతు నాదేనని నాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. అప్పటికే బర్క్ మోకాలు పైకెత్తి లేచింది. కన్ను తప్పించుకుంది, తల తిప్పింది, నిదానంగా నా పికప్ వైపు నడిచొచ్చింది. జనం హోరుమన్నారు. మైకులో నల్ల ఎద్దు పేరు మోగింది. కంచె దగ్గరికొచ్చి ఎద్దు నా చేతుల వైపు చూసింది, ఖర్జూరం కోసం.

నాకు నేల చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. పోశెట్టి నన్ను చూశాడు. తిట్టడానికైనా నోట్లో ఖర్జూరాలు ఊయలేదు. అలాగే ఉబ్బిన చెంపలతో, కళ్లనిండా నీళ్లతో ఎద్దు మెడ మీద చెయ్యేశాడు. అవతల కఫీల్ ఫోన్ తీసి చెవికి పెట్టుకోవడం చూశాను. ఎవరికి చేస్తున్నాడో ఒకరు చెప్పనక్కర్లేదు.

నేను బండి దిగాను. ఖాదర్ "అమ్మా, యాడికి?" అంటూ వెనక వచ్చాడు. అరవై ఒక్కేళ్ల మనిషిని, మగవాళ్ల మధ్యలోంచి నడిచి ఆయన ముందు నిలబడ్డాను.

"ఫోన్ పెట్టెయ్యండి. ఎద్దు ఓడలేదు. నేను ఓడించాను" అన్నాను హిందీలో.

కూత సంగతి, నేను చేసిన పరీక్ష, జారిన కాలు, అన్నీ చెప్పాను. పోయిన రెండు వారాల సంగతి మాత్రం చెప్పలేదు. అది పోశెట్టి నన్ను నమ్మి చెప్పిన మాట. కానీ పోశెట్టి ముందుకొచ్చాడు. అరచేతిలోకి రెండు ఖర్జూరాలు ఊశాడు. "గీ అక్క ఇయ్యాల పిలిచింది. అంతకు ముందు రెండు మాట్ల పిలిచింది నేనే" అని తన హిందీలో చెప్పేశాడు.

కఫీల్ ఆ ఖర్జూరాలను బెత్తం కొనతో కదిపి చూశాడు. తర్వాత ఎద్దును మైదానం పక్కన ఖాళీ చోటికి తెమ్మన్నాడు. తాడు వదిలించి, దూరంగా పోయి "తాల్, తాల్" అని పిలిచాడు. రమ్మని అర్థం. ఎద్దు చెవి కూడా కదపలేదు. బెత్తం ఊపి మళ్లీ పిలిచాడు. అది సముద్రం వైపు చూస్తోంది. అప్పుడు పోశెట్టిని ఇంకా దూరం పంపి పిలవమన్నాడు. పోశెట్టి నోరు తెరిచి, ఇంత చిన్న గొంతుతో పిలిచాడు. ఎద్దు కఫీల్ పక్కనుంచే, ఆయన కండువా తగిలేంత దగ్గరగా, ఆయన్ను పట్టించుకోకుండా నడిచిపోయి పోశెట్టి భుజానికి మూతి రాసింది.

ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"పారిపోయే ఎద్దును నేను ఉంచుకోను" అన్నాడు. "ఇది పారిపోలేదు, పిలిస్తే వచ్చింది. వచ్చే శుక్రవారం ఇంకోసారి. రెండు షరతులు. వీడి నోట్లో ఖర్జూరాలు ఉండాలి." బెత్తం నా వైపు తిప్పాడు. "ఈ అమ్మ షార్జాలో ఉండాలి."

తిరుగు దారిలో ఖాదర్ మర్యాదగా ఓర్చుకుని, మసాఫీ దాటాక అన్నాడు: "మీ గొంతు భలే పోతాదమ్మా. మైకు కన్నా ముందు ఎద్దు యినింది." అప్పటికి గానీ నాకు నవ్వు రాలేదు.

మళ్లీ శుక్రవారం, షార్జా

ఆ వారమంతా వసంత నన్ను బీచికి, మాల్‌కు తిప్పింది. ఏం చూశానో గుర్తులేదు. శుక్రవారం సాయంత్రం ఖాదర్ ఫుజైరా నుంచి వీడియో కాల్ చేశాడు. అల్లుడు ఫోన్‌ను టీవీ ముందు చెంబుకు ఆనించి నిలబెట్టాడు. వసంత ఫోన్‌లో మా వైపు మైకు ఆపేసింది. "నువ్వెంత అరిచినా అక్కడ వినపడదు పిన్నీ, భయపడకు" అంది.

నాకు నా మీద నమ్మకం లేదు. డబ్బాలో మిగిలిన ఖర్జూరాలు రెండు తీసి, చెంపకొకటి పెట్టుకుని కూర్చున్నాను.

ఈసారి ఎదురుగా వచ్చింది తెల్ల మచ్చల ఎద్దు. బొమ్మ ఊగుతోంది, దుమ్ములో సగం కనిపించడం లేదు. ఒక మూల పోశెట్టి వీపు, తలగుడ్డ. బర్క్ వెనక్కి పోయింది. నేను వసంత చెయ్యి పట్టుకున్నాను. మళ్లీ ముందుకొచ్చింది. ఒకసారి మచ్చల ఎద్దు కొమ్ము గంగడోలు పక్కనుంచి దూసుకుపోయింది. నా గొంతులో కూత లేచి, ఖర్జూరాల దగ్గర ఆగిపోయింది. అటు పోశెట్టి తల వంచుకున్నాడు, చూడలేక. అయినా కూత రాలేదు. బర్క్ మెడ దించింది, ఎత్తింది, నెట్టింది, నెడుతూనే పోయింది. మచ్చల ఎద్దు ఒక్కసారిగా పక్కకు మర్లి పరుగు తీసింది.

ఖాదర్ అరుపుకు ఫోన్ చెంబు మీంచి జారి పడింది. మళ్లీ నిలబెట్టేసరికి కఫీల్ బెత్తం గాలిలో ఉంది. ఓడిన ఎద్దును తరుముతూ బర్క్ మైదానం అవతలి కొసకు పోయింది. తాళ్లు పట్టిన పది మందీ దాని వెనక మట్టిలో ఈడ్చుకుపోతున్నారు. ఎవరి చేతికీ లొంగడం లేదు.

పోశెట్టి తల పక్కకు తిప్పి ఊశాడు. తర్వాత పిలిచాడు.

"ఓ... దా బిడ్డా."

అంత దూరం నుంచి ఎద్దు ఆగి, మర్లి, తాళ్లన్నీ వెనకేసుకుని నడిచొచ్చింది. ఖాదర్ ఫోన్‌ను దాని ముఖం దగ్గర పెట్టాడు. బొమ్మ నిండా తడి ముక్కు, ఒక కన్ను. కన్ను చెక్కు చెదరకుండా ఉంది.

అప్పుడు నేను గింజలు ఊసి, వసంతను మైకు తెరవమన్నాను.